పదమూడో కప్పు



ఎయిర్‌పోర్ట్ పక్కన ఇల్లు ఉన్నవాళ్ళకు రాత్రీ పగలూ ఒకటే. శంషాబాద్‌లో మా ఇల్లు మా ఖాందాన్ మొత్తానికి ఒక సరాయి. మహబూబ్‌నగర్ నుంచి జెద్దా పోయే చిచ్చా, కర్నూలు నుంచి దుబాయ్ పోయే దూరపు భాంజా, రెండేళ్ళకోసారి రియాద్ నుంచి దిగే దులేభాయ్, వాళ్ళను తోలుకపోవడానికి ఊరి నుంచి బండి కట్టుకొని వచ్చే పదిమంది... అందరూ మా ఇంట్లో ఒక గడియ కూర్చొని పోవలసిందే. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారినప్పటి నుంచీ మాకిదే పని. రాత్రి రెండింటికి చాయ్, ఫజర్‌కు ముందు చాయ్, ఫ్లైట్ లేటయితే మళ్ళీ చాయ్. ఇన్నేళ్ళలో ఆ చాయ్ దేంట్లో పోసి ఇస్తున్నామని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. చేతికి స్టీలు గ్లాసు దొరికితే స్టీలు గ్లాసు, కాగితపు కప్పు దొరికితే కాగితపు కప్పు.

ఆ ఆలోచన పెట్టింది మా బేటీ. జనవరి చివర్లో మా అమ్మీ ఉమ్రా చేసి వచ్చింది. ఇలాంటప్పుడు మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఫంక్షన్ హాల్ కాకపోయినా టెర్రస్ మీద టెంట్, బగారా, దాల్చా, బిర్యానీ, వంద మంది. నేనూ ఆ లెక్కలోనే ఉన్నాను. బేటీ అడ్డం పడింది.

"అమ్మీ, నానీ కాళ్ళు వాచి ఉన్నయ్. వంద మందిని పిలిస్తే ఆమె ఎవరితోని మాట్లాడుతది? దగ్గరోళ్ళను పన్నెండు మందిని పిలుద్దాం. అసర్ తర్వాత చాయ్, జమ్‌జమ్, ఖజూర్, నాలుగు రకాల బిస్కెట్లు. మగ్రిబ్ అజాన్‌కు లేద్దాం."

ఇప్పటి పిల్లలు దీన్ని టీ పార్టీ అంటున్నారు. ఫోన్లో ఫొటోలు చూపించింది. చేత్తో చేసిన మట్టి కప్పులు, ఒకదానికొకటి పోలిక లేని రంగులు, గడ్డి చాప మీద ఎండు పూలు. నాకు నవ్వొచ్చింది. "ఇవి చూడటానికి మంచిగున్నయ్ గానీ, మన షోకేసులో సెట్ ఉన్నది కదా బేటా" అన్నాను. "ఆ సెట్‌లో నువ్వెప్పుడన్నా చాయ్ తాగినవా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

చాయ్ సామాన్ల షౌక్ పనికిమాలిన షౌక్ అని మనలో చాలామంది అనుకుంటారు. మొన్నటి దాకా నేనూ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఇంట్లో ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు హాల్లో తాగాలి, ఎవరు వంటగది గడప దగ్గర తాగాలి అనేది చాలాసార్లు మన నోటి కంటే ముందు మన కప్పులే చెప్పేస్తాయి. అందుకే కప్పులు కొనే ముందు కాస్త ఆలోచించాలంటున్నాను.

మొదట షోకేసు సంగతి. మా నిఖా అప్పుడు జహేజ్ లిస్టులో "టీ సెట్ ఒకటి" అని రాసి ఉంది. బంగారు అంచు, గులాబీ పువ్వులు, ఆరు కప్పులు, ఆరు సాసర్లు, చాయ్‌దాని, దూధ్‌దాని, షకర్‌దాని. ఇరవై రెండేళ్ళలో అది షోకేసు దిగింది నాలుగుసార్లు. నాలుగోసారి ఒక కప్పు చెవి విరిగింది. ఐదు కప్పుల సెట్ మెహమాన్ల ముందు పెడితే ఇజ్జత్ పోతుందని మళ్ళీ తీయలేదు. ఒక కప్పు విరిగినందుకు మిగతా ఐదింటికీ ఉమర్‌ఖైద్. మా అబ్బా కష్టపడి కొన్న సెట్‌లో మా అబ్బా ఒక్కసారి కూడా చాయ్ తాగకుండానే పోయారు. అల్లాహ్ ఆయన్ని మగ్ఫిరత్ చేయుగాక.

సాలార్‌జంగ్ మ్యూజియంకు పోయినప్పుడల్లా ఆ సెట్ గుర్తుకొస్తుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జమ చేసిన చీనా, యూరప్ పింగాణీ అక్కడ అద్దాల వెనక మెరుస్తూ ఉంటుంది. చీనా వాళ్ళ ఆకుపచ్చ పింగాణీలో జహర్ కలిసిన తిండి పెడితే అది పగిలి చెప్పేస్తుందని పాతకాలం రాజులు, నవాబులు నమ్మేవారు. ఆ సామాన్లు అద్దాల వెనక ఉండటం సబబే, అది మ్యూజియం. మన హాల్లో కూడా ఒక చిన్న మ్యూజియం ఎందుకు? అమ్మీలు ఇరవై ఏళ్ళు దాని మీది దుమ్ము తుడుస్తారు, తాము మాత్రం పెచ్చు ఊడిన కప్పులో తాగుతారు.

సరే, కొనడానికి బయలుదేరాం. అప్పుడు నాంపల్లిలో నుమాయిష్ నడుస్తోంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ మేళా ఇప్పటికీ మామూలుగా జనవరి ఒకటిన తలుపులు తెరుస్తుంది. హైదరాబాద్ అమ్మీలకు, ఖాలాలకు క్రాకరీ అంటే నుమాయిషే. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా కారీగర్ల సామాన్లు అక్కడికి కుప్పలుగా వస్తాయి. చేత్తో వేసిన నీలం పువ్వుల కప్పులు, మచ్చల కెటిళ్ళు, రెండు కప్పులు పక్కపక్కన పెడితే బ్రష్ ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిందో కనిపిస్తుంది.

అక్కడ నేను, బేటీ గంటన్నర కొట్లాడుకున్నాం. ఆమెకు చూపు ముఖ్యం, నాకు చాయ్ ముఖ్యం. ఆ కొట్లాటలో తేలినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

కెటిల్ వంచి చూడకుండా కొనొద్దు. దుకాణదారును ఒక బాటిల్ నీళ్ళు అడగండి, తమీజ్‌గా అడిగితే ఎవరూ కాదనరు. నిండా పోసి ఒక చేత్తో ఎత్తండి. అమ్మీ వయసు చెయ్యి ఆ బరువు మోయగలదా? వంచినప్పుడు ధార సన్నగా పడుతుందా, లేక ముక్కు కింది నుంచి కారి దస్తర్‌ఖాన్ మీద పడుతుందా? మూత జారి కప్పులో పడుతుందా? ఫొటోలో మహారాణి లాంటి కెటిల్ ఈ మూడు ఇంతెహాన్‌లలో ఫెయిలైంది. పక్కన మూల కూర్చున్న పొట్టి కెటిల్ పాసైంది. ఇంకో మాట, మట్టి కెటిల్ గ్యాస్ పొయ్యి మీద పెట్టేది కాదు. చాయ్ గిన్నెలోనే కాయాలి, వడపోసి ఇందులో పోయాలి. పోసే ముందు వేడి నీళ్ళతో ఒకసారి తిప్పి పారబోస్తే కెటిల్ పగలదు, చాయ్ కూడా తొందరగా చల్లారదు.

కప్పు విషయంలో మన ఇరానీ హోటళ్ళు ఎప్పుడో ఫైసలా చేసి పెట్టాయి. మందపాటి తెల్ల పింగాణీ, చిన్న కప్పు, కింద లోతైన సాసరు. మందంగా ఉంటుంది కాబట్టి వేడి నిలుస్తుంది, చిన్నది కాబట్టి ఆఖరి గుక్క దాకా వేడిగానే తాగుతాం. వంద మిల్లీలీటర్లు పట్టే కప్పు మన చాయ్‌కు చాలు. మూడు వందలు పట్టే మగ్గులో పాలు ఎక్కువ పోసిన పౌనా పోస్తే సగానికి వచ్చేసరికి మీగడ కట్టి చల్లారిపోతుంది. సాసరు లోతు కూడా చూసుకోండి. మా అమ్మీ దాన్ని పిరిచ్ అంటుంది. చాయ్ అందులో పోసుకొని, ఊదుకొని, రెండు చేతులతో ఎత్తి తాగుతుంది. బేటీ ఎంచిన కప్పులకు సాసర్లు పలకలా చదునుగా ఉన్నాయి. "నానీ దేంట్ల తాగాలె?" అని నేనన్నాను. ఈ ఒక్క మాటలో నేను గెలిచాను.

గిలేజ్ గురించి గట్టిగా అడగండి. మట్టి మీద మెరిసే ఆ పూతలో సీసం, అంటే లెడ్, ఉంటే అది పిల్లల మెదడుకు జహర్. పులుపు తగిలితే ఇంకా తొందరగా దిగుతుంది. నిమ్మకాయ పిండిన సులేమానీ మన ఇళ్ళలో మామూలే కదా. తిండికి పనికొచ్చేదేనా, సీసం లేనిదేనా అని అడిగి, స్పష్టంగా చెప్పినవాళ్ళ దగ్గరే కొనండి. కప్పులో రాత్రంతా నిమ్మరసం ఉంచి చూస్తే కొన్నిసార్లు రంగు దిగుతుంది. దిగితే అందులో పూలు పెట్టుకోండి. దిగకపోయినా పూర్తిగా భరోసా పెట్టుకోవద్దు, ఎందుకంటే సీసం కంటికి కనిపించదు. జైపూర్ నీలం పాటరీ చూస్తే మనసు లాగుతుంది. కానీ అది మామూలు మట్టితో కాదు, పలుగురాయి పొడి, గాజు పొడి కలిపి చేసేది, సున్నితమైనది. చాలా ముక్కలు అలంకారానికే చేస్తారు. చాయ్‌కు పనికొస్తుందా లేదా అడగకుండా తీసుకోవద్దు.

ఇత్తడి, రాగి షౌక్ ఉన్నవాళ్ళు బేగంబజార్‌కు పోతారు. పాత రాగి కెటిళ్ళు, సమావర్లు దొరికితే అదృష్టమే. కానీ లోపల కళాయి ఉందా లేదా చూడండి. చిన్నప్పుడు గల్లీలో కళాయివాలా కూర్చొని కొలిమి ఊదేవాడు. కాలిన గిన్నెలో నవాసారం చల్లితే తెల్లటి పొగ లేచేది, తగరం ముక్క రాసి దూదితో తుడిస్తే నల్లటి గిన్నె చాంద్‌లా మెరిసేది. కళాయి పోయిన రాగిలో చాయ్ పోస్తే చిలుము కడుపులోకి పోతుంది. మళ్ళీ కళాయి పెట్టిస్తే సామాను బతుకుతుంది, ఆ హునర్ తెలిసిన నాలుగు ఇళ్ళూ బతుకుతాయి. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పళ్ళెం ఒకటి కొంటే బిస్కెట్లకు దానికి మించింది లేదు. ఇక బిద్రీ. బీదర్ 1956 దాకా మన హైదరాబాద్ రియాసత్‌లోనే ఉండేది, ఆ నల్లటి సామాన్ల మీద వెండి పని చూస్తే ఇప్పటికీ మన ఇంటిదే అనిపిస్తుంది. కానీ అది జింక్ లోహం, అందులో తాగడానికి కాదు. ఒక బిద్రీ గుల్‌దాన్ మధ్యలో పెట్టండి, చాలు.

మన ఇళ్ళలో ఇంకో రెండు సవాళ్ళు తప్పకుండా వస్తాయి. ఒకటి వెండి, బంగారం. వెండి బంగారు పాత్రల్లో తాగడం మనకు మనా అని సహీ హదీసుల్లో ఉన్న సంగతి అందరికీ తెలుసు. కాబట్టి వెండి టీ సెట్ ఎంత అందంగా ఉన్నా మన దస్తర్‌ఖాన్‌కు కాదు. బంగారు పూత అంచు కప్పుల మీద ఉలమాలలో వేరువేరు రాయాలు ఉన్నాయి. రెండోది బోన్ చైనా. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ పింగాణీలో పాత ఫార్ములా ప్రకారం సగం దాకా పశువుల ఎముకల బూడిదే. హనఫీ ఫిఖ్‌లో పంది తప్ప మిగతా జంతువుల ఎండిన ఎముకను పాక్ అనే అంటారు. అయినా మనసు ఒప్పకపోతే మీ మౌలానాను అడగండి, లేదా ఎముక బూడిద లేని పింగాణీ తీసుకోండి. ఖుర్జా మట్టి కప్పు తీసుకుంటే ఈ రెండు సవాళ్ళూ ఉండవు.

కాగితపు కప్పు మీద కూడా ఒక మాట. కడిగే పని తప్పుతుందని ఫంక్షన్లలో అందరం వాడుతున్నాం. కాగితం తడవకుండా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు పరీక్ష చేసి చూస్తే, వంద మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పదిహేను నిమిషాలు ఆ కప్పులో ఉంటే ఇరవై ఐదు వేల దాకా ప్లాస్టిక్ రేణువులు దిగాయి. రాత్రి రెండింటికి విమానం ఎక్కేవాడికి ప్రేమతో చాయ్ పోస్తూ నేను ఇన్నేళ్ళు ఏం తాగించానో చూడండి.

ఇక నాకు అసలు ముఖ్యమనిపించిన మాటకు వస్తాను. చాయ్ ఎవరు పోస్తారు?

మన పద్ధతిలో చాయ్ వంటగదిలో తయారై, కప్పుల్లో పోసి, కిష్తీలో పెట్టుకొని వస్తుంది. తెచ్చేది ఎప్పుడూ ఇంటి ఆడపిల్లే. రిష్తా చూడటానికి వచ్చినప్పుడు ఆ కిష్తీ ఒక ఇంతెహాన్. చెయ్యి వణికిందా, చాయ్ ఒలికిందా, దుపట్టా జారిందా, ముందు ఎవరికి ఇచ్చింది... పన్నెండు కళ్ళు ఒక పిల్ల చేతుల మీద. నేను అలా మూడుసార్లు నిలబడ్డాను. మూడోసారి వచ్చినవాళ్ళే మా సస్రాల్‌వాళ్ళు. ఈరోజు దాకా ఆ కిష్తీ బరువు నాకు యాదుంది.

మధ్యలో కెటిల్ పెట్టి, చుట్టూ కప్పులు పెడితే లెక్క మారుతుంది. దగ్గరున్నవాళ్ళు పక్కవాళ్ళకు పోస్తారు. అబ్బాయి పోయవచ్చు, దామాద్ పోయవచ్చు, పిల్ల కూర్చొని మాట్లాడవచ్చు. ఇది అంగ్రేజీ రివాజ్ అని తోసెయ్యకండి. మన ఎయిర్‌పోర్ట్‌కు పోయే తొవ్వలో ఉన్న బార్కస్‌ను చూడండి. నిజాం ఫౌజ్‌లో పని చేయడానికి యెమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల ఔలాద్ అక్కడ ఉన్నారు. వాళ్ళ ఘావా చెవి లేని చిన్న చిన్న ఫింజాన్‌లలో పోస్తారు. అరబ్బుల అదబ్‌లో ఘావా మగవాడు కూడా పోస్తాడు. ఖాళీ ఫింజాన్ చేతిలో కాస్త ఊపితే చాలు అని అర్థం. నోరు తెరిచి "వద్దు" అని చెప్పే పని లేదు. మగవాడు పోస్తే ఇజ్జత్ ఏమీ తగ్గదని తెలుసుకోవడానికి మనం లండన్ దాకా పోనక్కర లేదు, బార్కస్ దాకా పోతే చాలు.

కప్పులు ఇంటికి తెచ్చాం. కడిగి ఆరబెట్టాం. బేటీ లెక్క పెట్టింది. "పన్నెండు మంది మెహమాన్లు, పన్నెండు కప్పులు. మనకు పాతవి ఉన్నయ్. అక్కకు?"

అక్క అంటే తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో పని చేస్తున్న ఆమె. గగన్‌పహాడ్ దిక్కు నుంచి వస్తుంది. "ఆమె గ్లాసు ఉన్నది కదా" అన్నాను. వంటగది కిటికీలో, గ్రిల్ పక్కన ఒక స్టీలు గ్లాసు. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది. ఆమె తాగి, కడిగి, అక్కడే బోర్లిస్తుంది. పిల్లలు కూడా ఆ గ్లాసు ముట్టరు. ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నేర్చుకున్నారు.

"ఆమె గ్లాసు ఎందుకు వేరే ఉన్నది అమ్మీ?"

నాకు మా అబ్బా గుర్తుకొచ్చారు. అబ్బా షాద్‌నగర్ అవతల మా ఊళ్ళో దర్జీ. ఒక పెద్దింటివాళ్ళ బట్టలన్నీ ఆయనే కుట్టేవారు. కుట్టిన బట్టలు ఇవ్వడానికి పోయినప్పుడు నన్నూ తీసుకుపోయేవారు. అరుగు మీద కూర్చుంటే చాయ్ వచ్చేది. చూరులో పెట్టిన ఒక సత్తు గ్లాసు అబ్బానే అందుకోవాలి, వాళ్ళు పైనుంచి పోస్తారు. తాగినాక ఆయనే కడిగి, మళ్ళీ చూరులో బోర్లించాలి. ఊరి హోటల్లో దళితులకు వేరే గ్లాసులు ఉండేవి. రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల్లో ఎవరికి తెలియదు? అబ్బా ఆ ఇంటి సంగతి ఎన్నడూ మాట్లాడలేదు. కానీ ఆయన మా ఇంటికి వచ్చినవాళ్ళకు, గాజులమ్మే ఆమెకు, బిచ్చం అడిగే ఫకీర్‌కు, మేం తాగే కప్పులోనే చాయ్ ఇప్పించేవారు.

ఆ అబ్బా బిడ్డను నేను. మన దీన్‌లో ఛూత్ ఛాత్ లేదు, బాద్షా, గులాం ఒకే సఫ్‌లో నిలబడతారు అని గర్వంగా చెప్పుకునేదాన్ని. మా అక్క జాత్ ఏంటని నేను ఒక్కసారీ అడగలేదు. అడగకుండానే గ్లాసు మాత్రం వేరే పెట్టాను. చూరు పోయి కిటికీ వచ్చింది, సత్తు పోయి స్టీలు వచ్చింది, అంతే ఫర్ఖ్.

"ఇది సఫాయి కోసం" అంటారు కొందరు. మరి ఆమె కడిగిన ప్లేట్లలోనే కదా మనం తింటున్నాం, ఆమె చేతి పిండితోనే కదా రోటీలు. "ఆమెకే అట్ల ఇష్టం, హాల్లోకి పిలిస్తే షర్మాయిస్తది" అంటారు ఇంకొందరు. తొమ్మిదేళ్ళు కిటికీ చూపించి, ఒక్కరోజు సోఫా చూపిస్తే ఎవరైనా షర్మాయిస్తారు. "మంచి కప్పులు ఇస్తే పగలగొడతరు" అనే మాట కూడా ఉంది. దీనికే నా దగ్గర చేతి కప్పుల జవాబు ఉంది. ఫ్యాక్టరీ సెట్‌లో ఒకటి పగిలితే సెట్ మొత్తం ఖరాబ్ అయినట్టు లెక్క. అందుకే దాన్ని దాస్తాం, అందుకే దానికి ఎవరు అర్హులో లెక్క కడతాం. ఒకదానికొకటి పోలిక లేని కప్పులకు ఆ బాధ లేదు. ఒకటి పోతే వచ్చే నుమాయిష్‌లో ఇంకో రంగు కప్పు కొనుక్కుంటాం, అది కూడా ఆ జమాత్‌లో కలిసిపోతుంది. అప్పుడు పిల్లల చేతికీ ఇస్తాం, అక్క చేతికీ ఇస్తాం, రాత్రి రెండింటికి వచ్చే డ్రైవర్ చేతికీ ఇస్తాం. ఫొటోల కోసం పుట్టిన ఫ్యాషన్‌లో నాకు నచ్చిన మంచి ఇది.

మరి ఇది ఇస్రాఫ్ కాదా అని మా ననంద్ అడిగింది. అడగవలసిన మాటే. కప్పుకు మూడు నాలుగు వందలు పెట్టి, ఇన్‌స్టాలో ఫొటో పెట్టి, మళ్ళీ అల్మారాలో దాచేస్తే అది ఇస్రాఫే, రియా కూడా. పాత టీ సెట్ చేసిన పనే కొత్త సెట్ కూడా చేస్తుంది. మా లెక్క ఇది. వంద మంది దావత్ ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. ఉన్నవాటికి తోడు నెలకు రెండు కొనుక్కున్నా ఏడాదిలో ఇల్లు నిండుతుంది. డబ్బులు లేకపోతే గురువారం జుమేరాత్ బజార్‌లో వెతకండి, ఇరానీ హోటల్ మార్కు పాత కప్పులు, సాసర్లు దొరుకుతాయి, సోడా వేసిన వేడినీళ్ళలో ఉడకబెట్టి వాడుకోండి. అదీ వీలు కాకపోతే ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసులే అందరికీ పెట్టండి. అందరికీ ఒకటే రకం అయితే స్టీలు గ్లాసు దస్తర్‌ఖాన్‌కు ఎప్పుడూ కమ్మీ కాదు.

ఆ రోజు అసర్ తర్వాత పన్నెండు మంది వచ్చారు. కింద పాత జంపఖానా, మీద తెల్ల చాదర్. మధ్యలో పొట్టి కెటిల్, పెంబర్తి పళ్ళెంలో ఉస్మానియా, చాంద్ బిస్కెట్లు, లుఖ్మీలు, ఖజూర్. ముందు అందరికీ ఒక్కో గుటక జమ్‌జమ్. మా దామాద్ కెటిల్ ఎత్తి చాయ్ పోశాడు. ఫుప్పమ్మ ఒకామె "అయ్యో, మర్ద్ పోస్తుండా" అని నోరు నొక్కుకుంది గానీ, రెండో కప్పు తానే అడిగింది.

అక్కను పిలిచాం. ఆమె గడప దగ్గరే ఆగింది. అమ్మీ తన పక్కన జాగ చూపించి "ఆ, రా బిడ్డా, కూసో" అంది. పదమూడో కప్పు ఆకుపచ్చది, అంచు మీద కాస్త వంకర. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గింత చిన్న కప్పుల ఏం సరిపోతది అమ్మా, నా గ్లాసే మంచిగుండె" అంది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. అమ్మీ కప్పు ఖాళీ కాగానే మళ్ళీ నింపింది, మళ్ళీ ఖాళీ కాగానే మళ్ళీ నింపింది.

ఒక్క కప్పుతో మేం ఫరిష్తాలం అయిపోలేదు. ఆమె జీతం, ఆమె ఆదివారం సెలవు, ఆమె బిడ్డ చదువు... ఆ మాటలు ఇంకా ఉన్నాయి, అవి కప్పు మార్చినంత సులువు కావు. అక్కడ కూడా నా నీయత్ ఎంతో రేపు తెలుస్తుంది.

కిటికీలో గ్లాసు ఇప్పుడు లేదు. మిగతా గ్లాసులతో కలిసి ర్యాక్‌లో ఉంది. మొన్న రాత్రి దమ్మామ్ ఫ్లైట్ దిగి వచ్చిన మా చిచ్చా చేతికి అదే వచ్చింది. అది ఎవరిదో ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. వేడి చాయ్ ఊదుకుంటూ తాగేసి, "ఇంకో సగం పొయ్యి బేటా" అన్నారు.

మీ ఇంట్లో కూడా కిటికీలోనో, గూట్లోనో ఒక గ్లాసు ఉందేమో చూడండి. టీ సెట్ తర్వాత కొందురు గానీ, ముందు దాన్ని లోపలికి తెచ్చుకోండి.

అల్లాహ్ మన దస్తర్‌ఖాన్‌లలో బరకత్ ఇవ్వుగాక. ఆమీన్.